కాగితం వెనక పక్క

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

నీ ఫోను రాక మూడు ఆదివారాలైంది. మా హాస్టల్లో ఫోను మెట్ల కింద ఉంటుందని నీకు తెలుసు. ఆదివారం పదయ్యేసరికి అక్కడ స్టూలు వేసుకుని కూర్చుంటాను. వచ్చేపోయేవాళ్ళు "తమ్ముడి కోసమా?" అని అడుగుతారు, నేను "ఆఁ, ఇప్పుడు చేస్తాడు" అంటాను. మొన్న అడగడం కూడా మానేశారు. పదకొండున్నరకి స్టూలు తీసుకుని పైకి వెళ్ళిపోయాను.

పని బాగానే ఉంది. ఈ వారం నాకు పన్నెండంతస్తుల ఆఫీసు భవనం అప్పజెప్పారు. రెండు లిఫ్టులు పక్కపక్కనే, ఒకే గోతిలో. ఒకదాన్ని ఆపుకుని దాని పైకప్పు మీద నిలబడి నేను పట్టాలకు నూనె రాస్తుంటే, రెండోది జనంతో నన్ను దాటుకుని పోతుంటుంది. లోపలి మాటలు వినిపిస్తాయి. నిన్న ఒకావిడ "అది కాదండీ, ముందు నేను చెప్పేది వినండి" అంటూ పైకి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పిందేమిటో ఏడో అంతస్తు వాళ్ళకి తెలిసి ఉంటుంది. రోజుకి ఇలాంటి సగం మాటలు ఓ వంద వింటాను. ఒక్కటీ నాతో అన్నది కాదు.

మధ్యాహ్నం పైన మెషీన్ రూములోనే తింటాను. గోడకున్న పెట్టెలో లిఫ్టుని నడిపే రిలే స్విచ్చులు టిక్కుటిక్కుమంటూ ఉంటాయి. ఏ టిక్కు తేడాగా ఉందో నేను కళ్ళు మూసుకుని చెప్పేస్తానని మా సూపర్‌వైజరు అందరి దగ్గరా గొప్పలు పోతాడు. ఆరేళ్ళు నీ అరుపుల వెనక కూర్చుని డ్రమ్ములు కొట్టినదాన్ని, ఆ మాత్రం చెవి ఉండదా.

మన బ్లేడు ఎలా ఉంది? ఇక్కడ ఎవరికైనా మాకో బ్యాండు ఉండేదని చెబితే పెళ్ళిళ్ళకి వాయిస్తారా అంటున్నారు. ఒక్కో పాట ఒక్క నిమిషమేనని, నాన్న ప్రెస్సులో కాగితాలు కోసే మిషను చూసి ఆ పేరు పెట్టుకున్నామని చెప్పేసరికి వాళ్ళ అంతస్తు వచ్చేస్తుంది. మొదటి పోస్టరు గుర్తుందా, హార్డ్‌కోర్ పంక్ అని రాయమంటే పెయింటరు పక్కనే సీలింగు ఫ్యాను బొమ్మ వేశాడు. పంకా అనుకున్నాడు పాపం.

నీ కిందటి ఉత్తరం నాన్న ప్రెస్సు నుంచి తెచ్చిన చిత్తు కాగితాల కట్టల్లోంచి తీసిందే. వెనక ఏదో మందుల లేబులు అచ్చయినట్టుంది, నీలం రంగు వేళ్ళకి అంటింది. నేను చదవలేదులే. "వెనక పక్క ఒకరి సొత్తు, మనకిచ్చింది ఖాళీ పక్కే" అనేవాడు కదా నాన్న. నువ్వు మంచం కింద దూరి మరీ చదివేవాడివి, నేను వెళ్ళి చెప్పేదాన్ని, నీ వీపు విమానం మోత మోగేది. నాకు ఇప్పటికీ కాగితం తిప్పాలంటే చెయ్యి రాదు.

ఆదివారం పదింటికి స్టూలు మీదే ఉంటాను.

మీ అక్క


జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం మన షెడ్డు పక్క టైర్ల షాపు వాళ్ళు గ్రీజు వేలిముద్రలతో సహా అందించారు. ముందు ఫోను సంగతి. షాపు ఫోను పాడైంది. బాగుచేసే మనిషి రేపు, ఎల్లుండి అంటున్నాడు. మన "రేపు రండి" పాట వాడి కోసమే రాసినట్టుంది. కొన్నాళ్ళు ఉత్తరాలతోనే సరిపెట్టుకుందాం.

అసలు సంగతి ఏమిటంటే, బ్లేడు మారింది. నువ్వు వెళ్ళాక వచ్చిన డ్రమ్మరు మార్చిలో మానేశాడు. రెండు నెలలు ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ప్రాక్టీసు షెడ్డులో కూర్చున్నాం. ఒకరోజు బక్కోడు గిటారును ఆంప్లిఫయరుకి ఆనించి టీకి వెళ్ళిపోయాడు. అది దానంతట అదే కూయడం మొదలుపెట్టింది. గుండు తన బేస్ గిటారు పక్కన పెట్టి దాన్ని ఆపబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. బక్కోడు తిరిగొచ్చేదాకా పన్నెండు నిమిషాలు ఇద్దరం అది వింటూ కూర్చున్నాం.

ఇప్పుడు మా దగ్గర నాలుగు పాటలున్నాయి, ఒక్కోటి తొమ్మిది పది నిమిషాలు. మూతపడిన ప్రెస్సులో నాన్న కోత మిషను ఇంకా ఉంది కదా, దాని బ్లేడు దిగే చప్పుడు టేపు చేసి, పదో వంతు వేగంతో తిప్పుతున్నాం. ఎవరో పెద్దాయన పనిలోంచి లేచి నిట్టూర్చినట్టు ఉంటుంది. నీ పెద్ద డ్రమ్మును పడుకోబెట్టి, మీద గుప్పెడు ఇసుక పోసి, అరచేత్తో మెల్లగా తిప్పుతున్నాను. అది నా పని. పాడటం లేదు. గొంతు అవసరం లేదనిపించింది. అరిచేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. చప్పుడు దానంతట అది పుట్టి, దాని చోటు అది వెతుక్కుంటుంది, మనం అడ్డు తప్పుకుంటే చాలు. టేపు పంపుతున్నాను, విని రాయి.

ఆగస్టు 14 సాయంత్రం లైబ్రరీ వెనక హాల్లో మొదటి ప్రోగ్రాం. రా అక్కా. వాయించమని అడగను. నీ డ్రమ్ము స్టూలు వేసి ఉంచుతాను, వచ్చి కూర్చుంటే చాలు.

నాన్న కట్టలు అయిపోయాయి. ఇవి ప్రెస్సు మూలన మిగిలిన అట్ట ముక్కలు. రెండు పక్కలా వాడేస్తున్నాను, నాన్న ఉంటే మెచ్చుకునేవాడు.

నీ చిన్నోడు


జూన్ 27

శ్రీ తమ్ముడు గారికి,

టేపు విన్నాను. ముందు నా టేప్ రికార్డరే పోయిందనుకుని విప్పి, హెడ్డు తుడిచి, మళ్ళీ బిగించాను. రెండోసారి పెడితే పక్క గది టీచరమ్మ తొంగిచూసి "ఫ్రిజ్ కొన్నావా?" అంది. మూడోసారి తలుపేసుకుని చివరిదాకా విన్నాను.

ఒరేయ్, నా డ్రమ్ము మీద ఇసుక పోస్తావా? ఆ తోలు బిగించడానికి నాకు ఒక పూట పట్టేది. నేను రెండేళ్ళు లేకపోయేసరికి నా చోటులో ఇసుక పోసుకున్నారన్నమాట. అప్పుడు మిషను చూసి బ్లేడు అని పెట్టాం గానీ, ఇప్పుడు మాత్రం జనానికి నిజంగానే బ్లేడు వేస్తున్నారు.

గొంతు అవసరం లేదట. ఎవరు నేర్పారు నీకీ మాటలు? నువ్వు అరిస్తే టైర్ల షాపులో పంచరు కోసం వచ్చినవాళ్ళు సైకిళ్ళు వదిలేసి చూడ్డానికి వచ్చేవారు. "రేపు రండి" అని నువ్వు ఎగిరి అందుకుంటే, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయిన వాళ్ళందరి కోపం నీ మెడ నరాల్లో కనిపించేది. ఇప్పుడేమో ఇసుక తిప్పుతున్నావు. ఏం, మూగనోము పట్టావా?

కోపంగా రాస్తున్నానని నాకే తెలుస్తోంది. అసలు సంగతి చెప్తాను. లిఫ్టు గోతి అడుగున నిలబడి పనిచేసేటప్పుడు నాలో నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటాను. నేను నాలుగు కొడితే ఐదో దెబ్బకి నువ్వు విరుచుకుపడేవాడివి. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ ఊళ్ళో నన్ను ఎరిగినవాళ్ళు లేరు కానీ, ఆ ఐదో దెబ్బ ఎక్కడో నా కోసం ఉందని అనుకుంటూ వచ్చాను. అదొస్తుందేమోనని నీ టేపు ఆఖరిదాకా విన్నాను. రాలేదు. అందులో అన్నీ ఉన్నాయి, నువ్వే లేవు.

ఫోను బాగైతే చెయ్యి.

అక్క


జూలై 9

అక్కా,

మూగనోము అన్నావు. చదవగానే నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది.

అంతా తెలిసి కూడా అలా రాశావంటే, నేను లేచి దులుపుకుని నడవాలని నీ ఉద్దేశం కాబోలు. నాన్న కూడా అంతే కదా, దెబ్బ తగిలించుకుని ఇంటికొస్తే ముందు తిట్టి, తర్వాత మందు రాసేవాడు. నువ్వు జాలిపడతావేమోనని ముందు చాలా భయపడ్డాను. పడలేదు, మంచిదే. కానీ ఎలా ఉన్నావని ఒక్క ముక్క అడుగుతావనుకున్నాను. ఇసుక గురించి పది లైన్లు రాశావు.

డ్రమ్ము తోలు పాడవలేదు. సన్న ఇసుకే, జల్లెడ పట్టాను. రోజూ పని అయ్యాక మెత్తటి బ్రష్షుతో తుడిచి, నీ దుప్పటి కప్పుతున్నాను.

షెడ్డులో ఇప్పుడు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. బక్కోడు, గుండు ముందు నాతో మామూలుగానే ఉండేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను చూస్తూ కూర్చుంటున్నాను. నేను ఏదో అనేలోపు వాళ్ళు ఇంకో మాటలోకి వెళ్ళిపోతారు. వాళ్ళ తప్పు కాదు.

ఇంతకంటే ఏం రాయను. మిగతాది నీకు తెలిసిందే.

తమ్ముడు


జూలై 20

తమ్ముడికి,

ఏం తెలుసు నాకు? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, పాతది తీసి మళ్ళీ చదివాను. పాట బాగోలేదంటే జాలిపడాలా? నిన్ను ఎలా ఉన్నావని అడగడానికే కదా ప్రతి ఆదివారం స్టూలు మీద కూర్చుంటున్నాను.

కిందటి ఆదివారం నేనే టైర్ల షాపుకి ఫోను చేశాను. పాడైన ఫోను రెండు రింగులకే ఎత్తారు. "ఆఁ, ఉన్నాడమ్మా, పిలుస్తానుండు" అన్నాడు షాపాయన. నీ చెప్పుల చప్పుడు వినిపించింది. నువ్వు ఫోను అందుకున్నావు. నీ ఊపిరి నాకు తెలియదా? "చిన్నోడా" అన్నాను. "ఏరా, నేనే" అన్నాను. ఒక్క మాట అనలేదు. లైనులో ఏదో టిక్కుటిక్కుమని గరగర. మళ్ళీ పిలిచాను, మళ్ళీ అదే గరగర. తర్వాత పెట్టేశావు.

మెట్ల దగ్గర ముగ్గురున్నారు. వాళ్ళ ముందు "లైను కట్టయింది" అని నవ్వాను. ఫోను పాడైందని అబద్ధం ఎందుకు చెప్పావో, అక్క గొంతు వినడం కూడా ఎందుకు బరువైందో నాకు తెలియదు. అడగను కూడా.

ఒక్కటి మాత్రం చెయ్యి. బ్లేడు అనే పేరు తీసెయ్. ఆ పేరు నేను పెట్టింది, అరుపుకి పెట్టింది. మీ ఇసుకకి ఇంకేదైనా పెట్టుకోండి. ఆగస్టు 14కి సెలవు అడగలేదు.

అక్క


ఆగస్టు 22

అక్కా,

పేరు తీసేశాం. అప్పటికే పోస్టర్లు అచ్చయిపోయాయి, అందుకని పేరున్న చోట తెల్లకాగితం అతికించాం. జనం అదే మా కొత్త పేరనుకున్నారు.

యాభై అరవై మంది వచ్చారు. సగం పాత మొహాలే, చొక్కా చేతులు మడుచుకుని ముందుకొచ్చి నిలబడ్డారు. మొదటి పాట నాలుగో నిమిషంలో ఎవరో "రేపు రండి" అని కేకేశారు. పదిమంది అందుకున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. వాళ్ళే పాట మొదలుపెట్టారు, రెండు లైన్లు పాడి, నేను అందుకోకపోయేసరికి ఆపేశారు. చాలామంది వెళ్ళిపోయారు. పంతొమ్మిది మంది మిగిలారని గుండు లెక్కపెట్టాడు. ఆఖర్న నేను చెయ్యి ఆపాక ఇసుక గింజలు సర్దుకునే చప్పుడు కూడా వినిపించింది. ఎవరూ కదల్లేదు. పాత రోజుల్లో చప్పట్ల మధ్య కూడా నేను అంత భయపడలేదు, అంత సంతోషపడలేదు.

నీ స్టూలు వేసే ఉంచాను. ఒకాయన కూర్చోబోతే బక్కోడు లేపేశాడు.

ఏం తెలుసు నాకు అన్నావు, ఆ సంగతి ఎత్తొద్దని కాబోలు. నేను బాధపెడుతున్నానని అర్థమైంది. ఇక రాయను. నువ్వు జాగ్రత్తగా ఉండు, గోతిలోకి దిగేటప్పుడు స్విచ్చు రెండుసార్లు చూసుకో.


సెప్టెంబరు 3

చిన్నోడా,

మెట్ల కింద స్టూలు మీద కూర్చుని, కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

మొన్న వానకి లిఫ్టు గోతిలోకి నీళ్ళొచ్చాయి. నా పనిముట్ల సంచి తడిసింది. అందులో నీ అట్ట ఉత్తరాలు మూడూ ఉన్నాయి, ఎక్కడికి వెళ్ళినా మోసుకు తిరుగుతున్నాను, కోపంలో కూడా. మెషీన్ రూముకి తీసుకెళ్ళి, సిరా వేడికి త్వరగా ఆరుతుందని రాసిన పక్క కిందికి పెట్టి మోటారు కవరు మీద పరిచాను. డబ్బా విప్పి తినబోతూ అటు చూశాను. ఒక అట్ట మీద "అక్కకి చెప్పకు" అని ఉంది. నీ రాతే.

వెనక పక్క ఒకరి సొత్తు అన్నాడు నాన్న. ఆ ఒకరు నువ్వేనని మూడు నెలలు నాకు తట్టలేదురా.

నీ జవాబులే ఉన్నాయి, అడిగినవాళ్ళ మాటలు లేవు. పక్క లిఫ్టులో మాటలు విన్నట్టే విన్నాను. కానీ ఈసారి నాకు అంతా అర్థమైంది. జూన్ అట్ట మీద ఇలా ఉంది: "నొప్పి లేదు. నీళ్ళు చాలు." "గొంతు ఆపరేషనయ్యాక ఆరు వారాలు నోరు మెదపొద్దన్నారు. గుసగుస కూడా వద్దట." "అక్కకి చెప్పకు. వింటే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తుంది." దాని కింద వేరే పెన్నుతో: "వద్దు, నేనే చెప్తాను. ఎలా చెప్పాలో తెలియడం లేదు. దీని మీదే ఉత్తరం రాసి పంపేస్తా."

జూలై అట్ట మీద: "డాక్టరు గారూ, మాట వస్తుంది, అరుపు రాదు, అంతేనా?" "పాడటం కాదండీ. అరవడమే నా పని." "ఇంకో రెండు నెలలు మాట్లాడకూడదా?" ఆ పక్కన బక్కోడికి కాబోలు: "చదివే ఉంటుంది. కాగితం తిప్పి చూడకుండా ఎవరుంటారు?"

నేనుంటానురా. నువ్వు తిప్పి చూసే రకం, నేను చూడని రకం. ఒకే ఇంట్లో పెరిగి ఆ సంగతి ఇద్దరం మర్చిపోయాం. మాట లేనివాణ్ణి పట్టుకుని మూగనోము పట్టావా అన్నాను. ఆ మాట నిన్ను ఎక్కడ తాకి ఉంటుందో తలుచుకుంటే తిండి సహించడం లేదు.

ఆగస్టు అట్ట చివర చదివాను. "ఆ రోజు ఫోను ఎత్తింది నేనే. గోటితో నాలుగు కొట్టాను. రెండుసార్లు కొట్టాను. పట్టుకోలేదు." దాని కింద, ప్రోగ్రాం రోజు నా కోసమే కాబోలు: "చివరి వరసలో చూశావా? తలుపు దగ్గర? సరేలే."

తేడా టిక్కుని కళ్ళు మూసుకుని చెప్పేదాన్నట. గరగర అనుకున్నాను. అక్కడే మెషీన్ రూములో కూర్చుని ఏడ్చాను. పక్కన లిఫ్టు జనాన్ని మోసుకుంటూ పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది.

టేపు మళ్ళీ విన్నాను. బాగుందని అబద్ధం చెప్పను. కానీ ఈసారి ఇసుక తిప్పేది ఏ చెయ్యో తెలుసు కాబట్టి, ఆపబుద్ధి కాలేదు. పేరు మళ్ళీ పెట్టుకో. అరుపు పోయినా బ్లేడు బ్లేడే, అది నాన్నది, మనిద్దరిది.

సెలవు దొరికింది, పన్నెండో తారీఖు ఉదయానికి అక్కడ ఉంటాను, నాలుగు రోజులు. ఉద్యోగం వదలను, భయపడకు. అంతకుముందు ఈ ఆదివారం పదింటికి షాపుకి ఫోను చేస్తాను. నువ్వు మాట్లాడొద్దు. ఎత్తి, గోటితో నాలుగు కొట్టు, అంతే. "రేపు రండి" మొత్తం నేను అరుస్తాను, ఒక్క లైను వదలకుండా. మెట్ల దగ్గరున్నవాళ్ళు ఏమనుకుంటారో అనుకోనీ, మూడు నెలలుగా వాళ్ళు నా అసలు గొంతు విన్నదే లేదు.

ఈ కాగితం మాత్రం తిప్పి చూడు, ఆదివారం ఫోనులో నేను అనబోయేవి నీ అట్టల్లాగే ముందే రాసి పెట్టాను.

నీ అక్క

(వెనక పక్క)

ఆఁ, నేనే.

వినిపించాయి. నాలుగూ వినిపించాయి.

ఇప్పుడు నా వంతు.